మాతృ ఆశ్రయ పురస్కారం

"ఈ సంవత్సరం మా అమ్మని నా టాక్స్ రిటర్న్‌లో డిపెండెంట్‌గా, అంటే నా పోషణలో ఉన్న మనిషిగా, స్వీకరిస్తున్నానని సభాముఖంగా, సవినయంగా మనవి చేసుకుంటున్నాను" అని వాసుదేవరావు గారు మైకులో ప్రకటించారు. ఇర్వింగ్‌లోని ఆ బాంక్వెట్ హాలంతా చప్పట్లతో మోగిపోయింది. భోజనాల వరసలో నిలబడ్డవాళ్ళు సైతం ఖాళీ ప్లేట్లు చంకలో ఇరికించుకుని మరీ కొట్టారు. కన్నతల్లిని కొడుకు స్వీకరించే ఘట్టం కళ్ళారా చూసే భాగ్యం అందరికీ దొరుకుతుందా మరి.

వాసుదేవరావు గారు ఉత్తర టెక్సాస్ తెలుగు ఐక్య మహా సమాఖ్యకు అధ్యక్షులు. సమాఖ్య ఇప్పటికి మూడుసార్లు చీలింది. మూడోసారి చీలినప్పుడే పేరులో 'ఐక్య' అనే మాట చేర్చారు. ఆ ఆలోచన కూడా వాసుదేవరావు గారిదే. రెండేళ్ళ క్రితం ఆయన పనిచేసే కంపెనీ ఆయన్ని, ఇంకో మూడొందల మందిని ఒకే ఈమెయిల్‌తో ఇంటికి పంపించేసింది. ఆ మూడొందల మందీ పరుగున వెళ్ళి వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు. వాసుదేవరావు గారొక్కరే చలించలేదు. 'సమాజ సేవ కోసం ఉద్యోగాన్ని త్యజించిన అధ్యక్షులు' అని పత్రికలకు ప్రకటన పంపించి, ఆనాటి నుంచి కాలికి బలపం కట్టుకుని తిరుగుతున్నారు.

ఆ ప్రకటన రాసింది శ్యామ్‌సుందర్. సమాఖ్య కార్యదర్శి. పగలు లాస్ కొలినాస్‌లో ఒక బ్యాంకు సాఫ్ట్‌వేరు చూసుకుంటాడు, మిగతా సమయమంతా వాసుదేవరావు గారిని చూసుకుంటాడు. ఆయన మాట్లాడుతున్నంతసేపూ పక్కన ఫైలు పట్టుకుని నిలబడటం శ్యామ్‌సుందర్‌కి ఎంతో ఇష్టమైన పని. ఆ ఫైల్లో ఏముందని ఇంతవరకు ఎవరూ అడగలేదు.

ఆ రోజు మాత్రం ఫైల్లో నిజంగానే రెండు తీర్మానాలున్నాయి. మొదటిది మాతృ ఆశ్రయ పురస్కారం. తల్లినో తండ్రినో తమ రిటర్న్‌లో డిపెండెంట్‌గా చూపించిన ప్రతి సభ్యుడికీ ఉగాది సభలో శాలువా, మెమెంటో. రుజువుగా రిటర్న్ మొదటి పేజీ తెచ్చిస్తే చాలు, నంబర్లు నల్లగా కొట్టేసి తేవచ్చు. రెండోది పెద్దలకు శ్రమ తగ్గించే సవరణ. ఎన్నికలనాడు పెద్దవాళ్ళు క్యూలో నిలబడి కష్టపడకుండా, ఎవరి పేరు ఎవరి రిటర్న్‌లో డిపెండెంట్ల గడిలో ఉంటుందో, వాళ్ళ ఓటు ఆ రిటర్న్ వేసినవాళ్ళే వేసేస్తారు. బిర్యానీ మూతలు తీస్తున్న సమయంలో చదివారు కాబట్టి రెండో తీర్మానం మొదటిదానికన్నా వేగంగా, ఏకగ్రీవంగా గట్టెక్కింది.

ఇందులో ఉన్న దూరదృష్టి అర్థం కావాలంటే రఘు గురించి చెప్పుకోవాలి. మే నెలలో జరగబోయే ఎన్నికల్లో వాసుదేవరావు గారి మీద పోటీ చేస్తున్నవాడు రఘు. అతనికి ఉపన్యాసం చేతకాదు. పెద్దవాళ్ళ కోసం ఒక వాన్ పెడతానని, వారానికి మూడు రోజులు కూరగాయలకీ, డాక్టరుకీ, లైబ్రరీకీ తిప్పుతానని మాత్రం చెప్పాడు. ఆ ఒక్క మాటకి సమాఖ్యలో ఉన్న పెద్దవాళ్ళంతా అతని వైపు తిరిగిపోయారు. వీళ్ళుండే కాపెల్ ఊళ్ళో కారు లేని మనిషి ప్రపంచం డ్రైవ్‌వే చివర అయిపోతుంది. పెద్దవాళ్ళకి వాన్ కావాలి, వాళ్ళ పిల్లలకి శాలువాలు కావాలి అని కనిపెట్టడానికి ఒక వాసుదేవరావు గారు కావలసివచ్చారు.

మొదటి వరసలో వాకర్ పక్కన పెట్టుకుని కూర్చున్న పెద్దావిడే ఆయన తల్లి సుబ్బులు గారు. డెబ్భై ఎనిమిదేళ్ళు. అందరితోపాటు ఆవిడా చప్పట్లు కొట్టింది. కొడుకు తనని ఇలా సభాముఖంగా స్వీకరిస్తున్న సంగతి ఆవిడకి తెలిసింది కూడా ఆ మైకులోనే.

సుబ్బులు గారికి ప్రస్తుతం ఉన్న కోరిక ఒకే ఒక్కటి. ఎత్తు సీటున్న కారు. నలభై ఏళ్ళు తన కారు తానే నడుపుకున్న మనిషి. తుంటి ఎముక విరిగాక తన పాత కారు సీట్లో కూర్చుంటే లేవలేకపోతోంది, అది నేలకి జానెడెత్తులో ఉంటుంది. ఆ పాత కారు ఎలాగూ ఖాళీగా ఉందని వాసుదేవరావు గారు సేవా కార్యక్రమాలకు తీసుకున్నారు. దాంతో కరివేపాకు కావాలన్నా ఆవిడ కొడుకుని అడగాలి, కొడుకు మీటింగులో ఉంటారు, మీటింగు నుంచి వచ్చేసరికి కొట్టు మూసేస్తారు. పాపం, ఏడాదిన్నరగా ఆ ఇంట్లో పప్పుకి కరివేపాకు లేదు.

ఆ తుంటి ఎలా విరిగిందో చెప్పడం కొంచెం ఇబ్బందికరమైన విషయం. అధికారికంగా అది విరగలేదు.

పోయినేడు కాక ముందటేడు మదర్స్ డే నాడు సమాఖ్య మాతృ వందన సభ చేసింది. పన్నెండు మందికి కట్టిన స్టేజీ మీద ఇరవై రెండు మంది తల్లుల్ని కూర్చోబెట్టారు, తల్లుల్ని ఎంచడం భావ్యం కాదు కనుక. స్టేజీ కాంట్రాక్టు అందరికన్నా తక్కువకి మాట్లాడింది శ్యామ్‌సుందర్. 'తల్లి భారం మోయడం బిడ్డకి వరం' అని వాసుదేవరావు గారు అంటూ ఉండగా స్టేజీ ఆ భారం మోయలేక ఒక పక్కకి కూలిపోయింది. ఇరవై ఒక్క మంది తల్లులు పూల కుండీల మీద, ఒకరి మీద ఒకరు పడి బతికిపోయారు. మూలన కూర్చున్న సుబ్బులు గారు నేల మీద పడింది.

అంబులెన్సు ఆసుపత్రికి చేరేలోపలే శ్యామ్‌సుందర్ ప్రకటన పత్రికలకు చేరింది. 'స్వల్ప సాంకేతిక అంతరాయం మినహా సభ దిగ్విజయం. ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు.' ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ రెండో వాక్యం వాసుదేవరావు గారు స్వయంగా చెప్పి రాయించారు. ఆనాటి నుంచి సుబ్బులు గారి వాకర్‌కి సభల్లో పూలదండ చుడుతున్నారు. ఫొటోలో చూసేవాళ్ళకి అది ఏదో అలంకరణలా ఉంటుంది.

ఇంత జరిగాక నష్టపరిహారం అడగమని చెప్పింది పక్కింటావిడ. సమాఖ్యకి ఇన్సూరెన్సు ఉంది. కేసు పట్టుకున్నది అనన్య అనే లాయరు, ఇక్కడే పుట్టి పెరిగిన అమ్మాయి. ఆర్నెల్లు ఉత్తరాలు నడిపి తొంభై వేల డాలర్లకి ఒప్పించింది. ఒప్పందం కాగితం చదవడానికి వాసుదేవరావు గారు, శ్యామ్‌సుందర్, సుబ్బులు గారు ఆమె ఆఫీసుకి వెళ్ళారు. కాగితంలో 'శారీరక గాయానికి పరిహారంగా' అని చదవగానే వాసుదేవరావు గారి ముఖం మాడిపోయింది.

"గాయం అనే మాట తీసెయ్యాలమ్మా" అన్నారు.

"అంకుల్, ఆంటీకి హిప్ బ్రేక్ అయింది. ఎక్స్‌రే ఉంది."

"ఎక్స్‌రే నువ్వు చూశావు, నేను చూశాను. ఓటర్లు చూడలేదు కదా."

అనన్య పెన్ను కింద పెట్టి ఓపిగ్గా వివరించింది. శరీరానికి దెబ్బ తగిలినందుకు వచ్చిన పరిహారం మీద ప్రభుత్వం పైసా పన్ను వేయదు. దెబ్బ ఏమీ తగలకుండా మనసు కష్టపడిందని తీసుకుంటే మొత్తం మీద వేస్తుంది. పైగా తను తీసుకునే ముప్ఫై వేల ఫీజు కూడా ఆంటీ సంపాదన కిందే లెక్కపెడుతుంది. ఎందుకిచ్చారన్నది ఈ కాగితంలో రాసిన మాటని బట్టే ముందు చూస్తారు. "ఇలా మారుస్తే టాక్స్ వస్తుంది అంకుల్. ఐ మీన్, చాలా వస్తుంది" అంది.

వాసుదేవరావు గారు నవ్వారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ అజ్ఞానాన్ని క్షమించేటప్పుడు నవ్వే నవ్వు అది. "అమ్మ నా డిపెండెంట్. డిపెండెంట్లకి టాక్సేమిటమ్మా?"

"అంకుల్, అది అలా వర్క్ అవదు" అంది అనన్య.

కానీ వాసుదేవరావు గారు అప్పటికే లేచి నిలబడి చెప్పడం మొదలుపెట్టారు, శ్యామ్‌సుందర్ రాసుకోవడం మొదలుపెట్టాడు. 'ఘనంగా జరుగుతున్న సభ అర్ధాంతరంగా ఆగిపోవడం చూసి ఒక మాతృహృదయం అనుభవించిన మానసిక క్షోభకు, ఎవరికీ ఎలాంటి శారీరక గాయం కాని సందర్భంలో...' అని తెలుగులో బ్రహ్మాండంగా వచ్చింది. ఇంగ్లీషులో మూడు డ్రాఫ్టులు పట్టింది. ఇన్సూరెన్సువాళ్ళకి ఏం రాసినా ఒకటే, వాళ్ళిచ్చే డబ్బు మారదు. తను వద్దని హెచ్చరించినట్టు అనన్య వేరే ఒక కాగితం తయారు చేసి దాని మీద కూడా సంతకం పెట్టించుకుంది.

సుబ్బులు గారు కళ్ళజోడు సర్దుకుని అడిగింది. "నాకు ఎముక విరగలేదని రాస్తున్నార్రా?"

"విరగలేదని రాయట్లేదమ్మా. విరిగిందని రాయట్లేదంతే."

"ఇలా రాస్తే నీకు ఓట్లు పడతాయా?"

"పడతాయమ్మా."

ఆవిడ కొడుకు ముఖంలోకి కాసేపు చూసింది. తర్వాత వాకర్ దగ్గరకి లాక్కుని, దాని పిడి మీద ఒక చెయ్యి ఆనించి, రెండో చేత్తో సంతకం పెట్టింది. ఆ దృశ్యం చూసి శ్యామ్‌సుందర్‌కి కళ్ళు చెమర్చాయి. సమాఖ్య కోసం ఇంత త్యాగం చేసే కార్యకర్త తమకి ఇంకొకరు లేరనిపించింది.

ఫీజు పోగా అరవై వేలు పోయిన జూన్‌లో చేతికొచ్చాయి. వడగళ్ళ వానకి పాడైపోయిన ఇంటి పైకప్పుకి కొంత, ప్రాపర్టీ టాక్స్‌కి కొంత, ఫిజికల్ థెరపీకి కొంత, నెలనెలా ఇల్లు గడవడానికి కొంత పోగా డిసెంబరు నాటికి ఇరవై నాలుగు వేలు మిగిలాయి. సుబ్బులు గారు ఆ ఇరవై నాలుగు వేలని ముట్టుకోలేదు. ఒక శనివారం శ్యామ్‌సుందర్‌ని బతిమాలి పాత కార్లమ్మే చోటికి తీసుకెళ్ళమంది. అక్కడ ముదురెరుపు రంగు కారొకటి ఉంది, ఎత్తు సీటుది, పధ్నాలుగు వేలు. ఆవిడ అందులో కూర్చుంది, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా లేచింది. మళ్ళీ కూర్చుంది, మళ్ళీ లేచింది. మూడోసారి లేచాక సేల్స్‌మన్ వంక తిరిగి, పన్నుల పని అయ్యాక ఏప్రిల్లో వస్తాను, దీన్ని ఎవరికీ ఇవ్వకు బాబూ అని తెలుగులోనే చెప్పింది. అతనేం అర్థం చేసుకున్నాడో గాని తలూపాడు.

మార్చిలో ముగ్గురూ పద్మిని దగ్గరికి వెళ్ళారు. పద్మిని సి.పి.ఎ. స్వీట్ షాపుకీ కనుబొమలు తీర్చే దుకాణానికీ మధ్య ఉంటుంది ఆమె ఆఫీసు. తెలుగువాళ్ళ రిటర్నులు పాతికేళ్ళుగా చూస్తోంది కాబట్టి ఆమె ముఖంలో ఏ భావమూ మిగల్లేదు. వాసుదేవరావు గారు కుర్చీలో కూర్చుంటూనే, అమ్మని స్వీకరించే కార్యక్రమం మొదలుపెట్టమన్నారు. శ్యామ్‌సుందర్ ఫొటో తీయడానికి ఫోను పైకెత్తాడు.

పద్మిని ఒప్పందం కాగితం చదివింది. మళ్ళీ మొదటినుంచి చదివింది.

"ఆంటీని మీరు డిపెండెంట్‌గా వేసుకోవడం కుదరదండీ" అంది.

డిపెండెంట్ అనిపించుకోవాలంటే ఆ మనిషికి పన్ను లెక్కలోకొచ్చే ఆదాయం ఏడాదికి సుమారు అయిదు వేల రెండొందలు దాటకూడదట. సుబ్బులు గారికి తొంభై వేలు. గాయం అని రాసి ఉంటే ఆ తొంభై వేలు లెక్కలోకే వచ్చేవి కావట. ఇప్పుడు సోషల్ సెక్యూరిటీలో కూడా చాలా భాగం కలిసి ఆవిడే పధ్నాలుగు వేల పైచిలుకు పన్ను కట్టాలట. పధ్నాలుగు వేలనే మాట వినగానే సుబ్బులు గారి చెయ్యి హ్యాండ్‌బ్యాగు మీద బిగుసుకుంది. అందులో ముదురెరుపు కారు వివరాల కాగితం ఉంది. పన్ను పోతే మిగిలేది పది వేలు, పది వేలకి ఆ కారు రాదు.

వాసుదేవరావు గారు మాత్రం బెదరలేదు. కాగితంలో ఏముంటే ఏమిటి, తల్లికి నిజంగా ఎముక విరిగింది కదా, ఆ ముక్క ప్రభుత్వానికి మాత్రం రహస్యంగా చెప్పలేమా అని అడిగారు. చెప్పి చూడొచ్చునండీ అంది పద్మిని. ఎక్స్‌రే పెట్టి, స్టేజీ కూలిందని, దాని వల్లే విరిగిందని అధ్యక్షులుగా మీరొక స్టేట్‌మెంట్ రాసి సంతకం పెట్టాలి. పని జరుగుతుందని హామీ లేదు గాని ప్రయత్నించవచ్చు.

సుబ్బులు గారు కొడుకు వంక చూసింది. శ్యామ్‌సుందర్ కూడా చూశాడు, ఎందుకంటే స్టేజీ కాంట్రాక్టు మీద సంతకం తనది. వాసుదేవరావు గారు కళ్ళు మూసుకుని దీర్ఘంగా ఆలోచించారు. ఎన్నికలకి ఇంకా ఏడు వారాలుంది.

"ఎన్నికలయ్యాక చూద్దాం" అన్నారు.

"పన్ను ఏప్రిల్ పదిహేనుకండీ."

"అమ్మ అర్థం చేసుకుంటుంది" అన్నారు వాసుదేవరావు గారు.

పద్మిని తన పద్ధతి ప్రకారం మిగతా ప్రశ్నలు అడగడం మొదలుపెట్టింది. ఇల్లు ఎవరి పేరు మీదుంది? మా ఇల్లేనండీ అన్నారు వాసుదేవరావు గారు. పేరు ఎవరిదని మళ్ళీ అడిగింది. నాన్నగారు పోయేముందు అమ్మ పేరున పెట్టారు, భావం ఒకటే అన్నారు. ప్రాపర్టీ టాక్స్, కరెంటు, ఇంటి సరుకులు, హెల్త్ ఇన్సూరెన్సు, కారు ఇన్సూరెన్సు, ఇద్దరి ఫోన్లు? ప్రతిదానికీ సుబ్బులు గారు "నేనే" అంటూ వచ్చింది, హాజరు పలికినట్టు. వాసుదేవరావు గారి సంపాదన? బ్యాంకు వడ్డీ నలభై ఒక్క డాలర్లు.

"మరి ఆంటీ పోషణకి మీ వైపు నుంచి?"

"నా సమయం ఇస్తున్నానమ్మా."

"సమయానికి కాలమ్ లేదండీ" అంది పద్మిని. తర్వాత, నలభై ఒక్క డాలర్లకి ఆయన అసలు రిటర్న్ వేయక్కర్లేదని చెప్పింది. రిటర్న్ వేయక్కర్లేని స్థాయికి చేరుకున్నానని వాసుదేవరావు గారికి కొంచెం తృప్తి కలిగింది. అంతలో ఫోను మోగింది, రఘు ప్లేనోలో ఇంటింటికీ తిరుగుతున్నాడని కబురు. ఆయన హుటాహుటిన బయటికి వెళ్ళి పార్కింగ్ లాట్‌లో అటూ ఇటూ నడుస్తూ ఎవరినో కేకలేయసాగారు.

గదిలో పద్మిని గొంతు తగ్గించి సుబ్బులు గారిని అడిగింది. వాసుదేవరావు గారికి ఇప్పుడు భార్య?

"విడాకులై ఆరేళ్ళయింది. చాండ్లర్‌లో ఉద్యోగం చేసుకుంటోంది, హాయిగా ఉంది."

"ఏడాది పొడుగునా ఆయన మీ ఇంట్లోనే ఉన్నారా ఆంటీ?"

"ఎక్కడికి పోతాడమ్మా?"

పద్మిని కీబోర్డు మీద ఏదో కొట్టింది. ఇంకేదో కొట్టింది. పాతికేళ్ళలో మొట్టమొదటిసారిగా ఆమె ముఖంలో ఏదో భావం వచ్చి పోవడం శ్యామ్‌సుందర్ చూశాడు. "ఇంకో దారి ఉంది ఆంటీ. నాలుగు వేలు తగ్గుతుంది" అని స్క్రీను ఆవిడ వైపు తిప్పింది.

శ్యామ్‌సుందర్ సంస్కారం ఉన్న మనిషి. ఒకరి పన్ను కాగితాల్లోకి తొంగి చూడటం మర్యాద కాదని తల పక్కకి తిప్పుకున్నాడు. సుబ్బులు గారు మాత్రం వేలు పెట్టి ఒక్కొక్క అక్షరం చదివింది. ఒక గడి దగ్గర వేలు ఆగింది. తుంటి విరిగాక ఆవిడ నవ్వడం కూడా శ్యామ్‌సుందర్ అప్పుడే చూశాడు.

"దీనివల్ల మావాడికేమైనా ఇబ్బందా?" అని అడిగింది.

"ఆయనకసలు రిటర్నే లేదు కదా ఆంటీ."

"నిజమే కదూ? ఇందులో రాసినవన్నీ నిజమే కదూ?"

"అన్నీ నిజమే."

"అయితే పెడతాను" అని ఆవిడ సంతకం పెట్టింది. ఈసారి వాకర్ పట్టుకోలేదు.

ఉగాది సభలో ముప్ఫై నలుగురికి శాలువాలు కప్పారు. స్టేజీ ఎందుకన్న ఆలోచనతో నేల మీదే కప్పారు. వాసుదేవరావు గారు తన పురస్కారాన్ని వాయిదా వేసుకున్నారు. నిరాడంబరతే దానికి కారణమని శ్యామ్‌సుందర్ పత్రికలకి రాశాడు. ఉగాది సాక్షిగా ముప్ఫై ఏడుగురు పెద్దవాళ్ళ ఓట్లు వాళ్ళ పిల్లల చేతికొచ్చాయి. ఆ పిల్లల భుజాల మీద శాలువాలున్నాయి. ఇక రఘు సంగతి చూసుకోనక్కర్లేదని అధ్యక్షుల వారు ఉగాది పచ్చడి రెండుసార్లు పోయించుకున్నారు.

ఎన్నికలు మే నెలలో, మళ్ళీ మదర్స్ డే నాడే పెట్టుకున్నారు. ఆ పొద్దున వాసుదేవరావు గారు శ్యామ్‌సుందర్ కార్లో వచ్చారు. ముందు రోజే ఆయన సేవా వాహనం మాయమైంది. సుబ్బులు గారు దాన్ని డీలరుకిచ్చేసిందట. తీసుకెళ్ళినందుకు అతను ఎదురు డబ్బడగలేదు, అదే సంతోషం. వీళ్ళు పార్కింగ్‌లో దిగుతుండగా ముదురెరుపు కారొకటి మెల్లగా వచ్చి, ఒక్కసారికే గీతల మధ్యన సరిగ్గా ఆగింది. అందులోంచి సుబ్బులు గారు దిగింది. చేతిలో వాకర్ లేదు, కర్ర మాత్రం ఉంది. వెనక సీట్లో సంచీ నిండా కరివేపాకు.

తల్లి తనంతట తాను వచ్చి ఓటు వేయడం ప్రచారానికి మంచి ఫొటో అని వాసుదేవరావు గారికి వెంటనే తట్టింది. ఫొటో తీయించి, తల్లిని లోపలికి పంపించి, తను ఒక అరగంట తలుపు దగ్గర నిలబడి వచ్చేవాళ్ళందరికీ నమస్కారాలు పెట్టారు. తర్వాత తన ఓటు వేయడానికి బల్ల దగ్గరికి నడిచారు. బల్ల వెనక ఎన్నికల అధికారిగా డాక్టర్ కృష్ణవేణి గారున్నారు. నలభై ఏళ్ళు పాథాలజీ చేసి రిటైరైన మనిషి, రిపోర్టులో లేని మాట నోటితో చెప్పి ఎరగరు. జాబితాలో వేలు కిందికి జార్చుకుంటూ వెళ్ళి, ఒకచోట ఆపి, ఆయన వంక చూశారు.

"మీ ఓటు పడిపోయిందండీ" అన్నారు.

"నేనింకా వేయలేదండీ."

"వేసేశారు. సుబ్బులు గారు."

వాసుదేవరావు గారు అమాయకంగా నవ్వారు. పొరపాటు పడ్డారనీ, తల్లి ఓటు తను వేయడానికి వచ్చినా అర్థముంది గాని తన ఓటు తల్లి వేయడమేమిటనీ అన్నారు. కృష్ణవేణి గారు ఫైల్లోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పెట్టారు. సుబ్బులు గారి రిటర్న్ మొదటి పేజీ. నంబర్లు నల్లగా పద్ధతిగా కొట్టేసి ఉన్నాయి. డిపెండెంట్ల గడిలో ఒకటే పేరు. బంధుత్వం అన్నచోట కొడుకు అని ఉంది. వెనక నిలబడ్డ నలుగురైదుగురు కూడా మెడలు చాచి చదివారు.

వాసుదేవరావు గారు శ్యామ్‌సుందర్ వంక చూశారు. శ్యామ్‌సుందర్ జీవితంలో మొదటిసారి ఫైలు తెరిచి, రెండో తీర్మానం ఉన్న పేజీ తీసి, అధ్యక్షుల వారి చేతికిచ్చాడు. చక్కటి తెలుగులో, ఎక్కడా సందుల్లేకుండా రాశాడు దాన్ని. కింద అధ్యక్షుల సంతకం కూడా పెద్దగా ఉంది.

లెక్కింపు మధ్యాహ్నం మూడింటికి అయింది. రఘు రెండు ఓట్ల తేడాతో గెలిచాడు. ఉపన్యాసం చేతకాదు కాబట్టి, వాన్ గురువారం నుంచి మొదలవుతుందని మాత్రం చెప్పి కూర్చున్నాడు. అతను మాట్లాడుతున్న ఆ అర నిమిషంలో పక్కన ఫైలు పట్టుకుని నిలబడి ఉన్నది శ్యామ్‌సుందర్. కార్యదర్శి పదవి వ్యక్తులకు అతీతమైనదని అతనికి ఎప్పటినుంచో గట్టి నమ్మకం.

అయినా పాత అభిమానం ఎక్కడికి పోతుంది. మాజీ అధ్యక్షుల వారిని సాగనంపడానికి పార్కింగ్ దాకా వెళ్ళాడు. తనకి రఘు గారితో ఫొటోలున్నాయని, ఇంటిదాకా దింపడం వీలుపడదని గౌరవంగా మనవి చేసుకున్నాడు. వాసుదేవరావు గారు ఎండలో ఒంటరిగా నిలబడ్డారు. ఆయన మెడలో పొద్దున తనే వేయించుకున్న దండ ఇంకా ఉంది. ముదురెరుపు కారు వచ్చి ఆయన ముందు ఆగింది. కిటికీ అద్దం కిందికి దిగింది.

"ఎక్కు నాన్నా. పప్పు పొయ్యి మీద పెట్టాలి, పొద్దుపోతోంది" అంది సుబ్బులు గారు.

ఆయన చుట్టూ ఒకసారి చూసి, ఎక్కి కూర్చున్నారు. సీటు నిజంగానే ఎత్తుగా ఉంది. శ్యామ్‌సుందర్ తలుపు వేయబోతుంటే ఆయన అడగడం వినపడింది.

"అమ్మా... ఆ రెండు ఓట్లూ ఎవరికేశావు?"

సుబ్బులు గారు వెనక్కి తిరిగి అటూ ఇటూ చూసుకుని, గేరు మార్చింది.

"సీట్ బెల్ట్ పెట్టుకో" అంది.